బేరం కుదరని కత్తులు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మామిడికుదురులో జరిగిన మన సంఘ సభలో, తపాలా శాఖలో పనిచేసి ఉద్యోగవిరమణ చేసిన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పును మనం తలచుకునే రోజు ఇది. పెన్షన్ అనేది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, మన హక్కు అని ఆ తీర్పు చెప్పింది. ఆ సంగతులన్నీ నాకు ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. కరువుభత్యం గురించీ, వైద్య ఖర్చుల బిల్లుల గురించీ కూడా చెప్పారు. కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీరు మాత్రం ఇంట్లో ఆడవాళ్ళకు కూడా పనికివచ్చే విషయం ఏదైనా చెప్పండి" అన్నారు. నేను ఆలోచించి కత్తుల గురించి మాట్లాడతానన్నాను. ఆయన ఒక్క క్షణం నాకేసి అనుమానంగా చూశారు. భయపడకండి. నేను చెప్పబోయేది కూరగాయలు తరిగే కత్తి, కొబ్బరిబొండాం కొట్టే కత్తి, జేబులో వేసుకునే చాకు, వంటింట్లో కత్తిపీట, వీటి సంగతే.

కత్తిపోటు తప్పినా కలంపోటు తప్పదని సామెత. మనమంతా ముప్పై, నలభై ఏళ్ళు కలం పట్టినవాళ్ళం. ఆ సంగతి మనకు బాగా తెలుసు. అయితే కలం పక్కన పెట్టి ఇంట్లో కూర్చున్న తరువాత మనకు ఎదురయ్యేది కత్తే. ఉదయం శ్రీమతికి కూర తరిగి పెట్టడం, సాయంత్రం మనుమలకు పండు కోసి పెట్టడం, ఇవే ఇప్పుడు మన డ్యూటీలు. ఆ డ్యూటీలో మా ఇంట్లో ఒక ప్రమాదం జరిగింది. దానికి బాధ్యుణ్ణి నేనే. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

ముందుగా, నాకు కత్తి గురించి మొదటి పాఠం ఎక్కడ దొరికిందో మనవి చేస్తాను. 1969లో నేను తపాలా శాఖలో గుమాస్తాగా చేరాను. తపాలా సంచి మూతిని పురికొసతో కట్టి, లేబులు తగిలించి, ముడి మీద లక్క సీలు వేసి పంపేవారు. సంచి మన ఆఫీసుకు చేరాక ముందు సీలు సరిగా ఉందో లేదో చూడాలి. తరువాత పురికొసను ఒక్కచోటే కొయ్యాలి. సీలు, ముడి, లేబులు చెదరకుండా ఉండాలి. లోపలి సరుకు లెక్క సరిపోయిందని తేలేవరకు వాటిని భద్రంగా ఉంచాలి. తేడా వస్తే రేపు విచారణలో సాక్ష్యం అవే. నేను కొత్తలో హుషారుగా ఒక పెద్ద కత్తి తీసుకుని పురికొసను రెండుచోట్ల కోసేశాను. మా ప్యాకరుగారు నాకంటే పాతికేళ్ళు పెద్ద. ఆయన తన జేబులోంచి వేలెడంత చాకు తీసి నా ముందు పెట్టి, "బాబుగారూ, కోసే దారాన్నిబట్టి కత్తి ఉండాలండి, మన ఉత్సాహాన్నిబట్టి కాదు" అన్నారు. అప్పటినుంచి కత్తి కొనేటప్పుడు నేను మొదట వేసుకునే ప్రశ్న అదే. ఇది దేన్ని కొయ్యడానికి? ఆ ప్రశ్నకు జవాబు లేని కత్తిని, ఎంత అందంగా ఉన్నా కొనను. "ఎప్పటికైనా పనికొస్తుంది" అని కొన్న కత్తి ఎప్పటికీ పనికిరాదు. అటక మీద తుప్పుపడుతుంది.

ఇప్పుడు నేను ఏయే లోపాలుంటే కత్తిని అక్కడే పెట్టి లేచి వచ్చేస్తానో చెబుతాను. వీటి దగ్గర నేను బేరం ఆడను. పది రూపాయలు తగ్గిస్తామన్నా, సగం ధరకు ఇస్తామన్నా తీసుకోను. అంతకంటే ముందు ఒక మాట. పదును లేకపోవడం మాత్రం అందులో ఒకటి కాదు. కొట్లో చాలామంది బొటనవేలితో అంచు తడిమి చూసి "మొండిగా ఉంది" అని పెట్టేస్తారు. పదును సాన మీద వస్తుంది, మళ్ళీ పోతుంది, మళ్ళీ వస్తుంది. సానతో బాగుపడని లోపాలు వేరే ఉన్నాయి. మనం చూడవలసినవి అవి.

మొదటిది పిడిలోపలి సంగతి. కత్తి అలుగు ఎంత పొడుగున్నా, పిడిలోకి వెళ్ళే ఇనుప తోక పొట్టిదైతే ఆ కత్తి నాకు వద్దు. ఇది నాకు 1996లో తెలిసింది. ఆ ఏడాది నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫానును ఈ సభలో మరిచిపోయినవారు ఉండరు. తెల్లవారి లేచి చూస్తే కోనసీమ కొబ్బరితోటలు వంగి, విరిగి, పడిపోయి ఉన్నాయి. మా పెరటి గుమ్మానికి అడ్డంగా ఒక చెట్టు, వంటింటి పెంకుల మీద ఇంకో చెట్టు. గొడ్డళ్ళు, రంపాలు ఉన్నవాళ్ళు రోడ్ల మీద పడిన చెట్లు నరుకుతున్నారు. నా దగ్గర ఒక కొబ్బరి కత్తి ఉంది. అంతకు రెండేళ్ళ క్రితం ఒక తీర్థంలో చవకగా వచ్చిందని కొన్నాను. పైకి నల్లగా, బరువుగా, చాలా గట్టిగా కనిపించేది. దానితో మట్టలు నరకడం మొదలుపెట్టాను. పది దెబ్బలు వేశానో లేదో పిడి నా చేతిలో ఉండిపోయింది, అలుగు ఎగిరిపోయింది. మట్టలు ఈడ్చి అవతల పడేస్తున్న పక్కింటి కుర్రవాడి చెవి పక్కనుంచి పోయి గోడకు తగిలి పడింది. వాడికి పన్నెండేళ్ళు. వాడికి ఏమీ కాలేదు. నాకు మాత్రం కాళ్ళు వణికి అక్కడే కూర్చుండిపోయాను. వాడి తల్లి ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆ అలుగును తీసుకుని కమ్మరి ఆచారిగారి దగ్గరకు వెళ్ళాను. ఆయన చూసి, "ఆయ్, దీని తోక రెండంగుళాలు కూడా లేదండి. లక్కతో అంటించేశారు. పొన్ను కూడా రేకు ముక్కేనండి" అన్నారు. పొన్ను అంటే పిడి మొదట్లో కర్ర పగలకుండా బిగించే ఇనుప కట్టు. రోకలికి ఉంటుందే, అదే. కొత్త తోక అతికి, పిడి చివరదాకా పోనిచ్చి, అవతల కొస వంచి, గట్టి పొన్ను వేసి ఇచ్చారు. ఆ కత్తి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అప్పటినుంచి బరువు పనికి కత్తి కొంటే తోక పిడి చివరన బయటికి కనబడాలి. వంటింటి కత్తి అయితే పిడి అంచుల్లో రెండు చెక్కల మధ్య ఇనుము పొడుగునా కనబడాలి, రివెట్లు ఉండాలి. పిడి పట్టుకుని అలుగును అటూ ఇటూ కదిపి చూడండి. వెంట్రుకవాసి కదిలినా వద్దనండి. ఈ రోజు వెంట్రుకవాసి కదిలింది రేపు ఎగిరిపోతుంది.

రెండోది ఉక్కు. మన ఊళ్ళలో కమ్మరులు చేసే మంచి కత్తులు చాలావరకు పాత లారీ కమాను కట్టలవి. అది మంచి ఉక్కే. దాన్ని ఎర్రగా కాల్చి, ఒక్కసారి చల్లార్చి గట్టిపరుస్తారు. అక్కడితో ఆపితే అది గాజులాగా పెళుసు. అందుకని మళ్ళీ కొంచెం వేడిచేసి, ఎండుగడ్డి రంగు తేలగానే ఆపుతారు. కత్తి గట్టితనమంతా ఆ రెండో వేడిలో ఉంది. ఇక్కడ మనం చూడవలసిన గుర్తు ఒకటుంది. కరెంటు సానచక్రం మీద తొందరపడి ఎక్కువ ఒత్తి పట్టితే అంచు వేడెక్కి నీలం రంగు తిరుగుతుంది. అక్కడ ఉక్కు మెత్తబడిపోయినట్లే. ఆ తరువాత ఎన్నిసార్లు సానపట్టినా అక్కడ పదును నిలవదు. కొత్త కత్తి అంచున నీలి మరక కనబడితే ఆ కత్తి వద్దు. సానపట్టడానికి సైకిలు మీద వచ్చే మనిషికి కత్తి ఇచ్చేటప్పుడు కూడా, "మధ్యమధ్య నీళ్ళలో ముంచవయ్యా" అని దగ్గర నిలబడి చెప్పండి.

స్టీలు కత్తి మంచిదా, ఇనుప కత్తి మంచిదా అని చాలామంది అడుగుతారు. తుప్పుపట్టని ఉక్కును ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణంలో హ్యారీ బ్రియర్లీ 1913లో తయారుచేశారు. అందులో క్రోమియం కలుస్తుంది. మనది సముద్రం దగ్గర ప్రాంతం, ఉప్పుగాలి. మామూలు ఉక్కు కత్తి రాత్రి తడిగా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబడుతుంది. చింతపండు, నిమ్మకాయ, మామిడికాయ తగిలితే నల్లబడుతుంది. కానీ గడప రాయి మీద నాలుగుసార్లు రాస్తే పదునెక్కుతుంది. స్టీలుది తుప్పుపట్టదు గానీ మన రాళ్ళకు అంత తొందరగా లొంగదు. నా వరకు నేను చెప్పేదేమిటంటే, పని అయ్యాక కడిగి, తుడిచి, ఆరబెట్టే ఓపిక ఉన్న ఇంటికి ఇనుపదే మంచిది. లేకపోతే స్టీలుది కొనండి. ఇందులో గొప్పా తక్కువా లేదు. అయితే పళ్ళున్న అలుగు, "జన్మలో సానపట్టక్కరలేదు" అని అమ్మే కత్తి మాత్రం నేను కొనను. అది మొండిబారిన రోజున మన ఊళ్ళో దాన్ని బాగుచేసేవారు ఉండరు. బాగుచెయ్యడానికి వీల్లేని వస్తువు నాకు వద్దు.

ఈ సందర్భంగా ఒక్క మాట. ఒకప్పుడు మంచి కత్తి అంటే షెఫీల్డు అనేవారు. అంతకు ముందు లోకమంతా మంచి ఉక్కు అంటే మన దేశం వైపు చూసేది. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంతదూరం వచ్చేవారు. అంతటి విద్య ఉన్న గడ్డ మీద ఇప్పుడు పిడి ఊడిన కత్తిని బాగుచేయించుకుందామంటే కొలిమి దొరకడం కష్టంగా ఉంది. మీ ఊళ్ళో ఇంకా కొలిమి ఉంటే ఏడాదికి ఒక్క పనైనా ఆయనకు ఇవ్వండి. దసరాకు కత్తికీ కత్తిపీటకూ బొట్టుపెట్టి దండం పెడతాం. దాన్ని చేసిన చేతిని కూడా గుర్తుంచుకోవాలి కదా.

మూడోది మడత చాకు సంగతి. దీనికి నాలుగు పరీక్షలున్నాయి. చాకు తెరిచి అలుగు కొస పట్టుకుని పక్కలకు కదపండి. కీలు దగ్గర ఆట ఉండకూడదు. మూసినప్పుడు అలుగు సరిగా మధ్యలో పడాలి, ఏ పక్కకూ రాసుకోకూడదు. తెరిచినప్పుడు "టక్"మని నిలబడాలి, నాన్చకూడదు. నాలుగోది మన వయసువారికి ముఖ్యమైనది. అలుగు మీద గోరుపెట్టి లాగే గాడి ఉంటుంది. కొత్త చాకుల్లో ఆ స్ప్రింగు ఎంత బిగువుగా ఉంటుందంటే మన గోరు విరుగుతుంది గానీ అది తెరుచుకోదు. పళ్ళతో లాగేవారిని చూశాను, దయచేసి అలా చెయ్యకండి. మన చేతితో మనం తెరవలేని చాకు ఎంత గొప్ప కంపెనీదైనా మనకు వద్దు.

తెరిచాక అలుగు మూసుకుపోకుండా పట్టే లాకు ఉంటే మరీ మంచిది. ఫ్రాన్సులో ఒపినెల్ అనే చాకు ఉంది. 1890లో మొదలైంది. కర్రపిడి, ఒకే అలుగు. 1955 నుంచి దాని మెడ దగ్గర తిప్పే రింగు పెట్టారు. తిప్పితే అలుగు కదలదు. మా అల్లుడుగారి స్నేహితుడు ఒకటి చూపించారు. రైతులు వాడుకునే వస్తువు, ఏ ఆర్భాటమూ లేదు. స్విస్ సైన్యం పేరుతో వచ్చే ఎర్ర చాకు మీకందరికీ తెలుసు. అది 1897 నాటిది. అందులో కత్తెర, మూత తీసేది, స్క్రూడ్రైవరు అన్నీ ఉంటాయి. మంచిదే. కానీ పదిహేను పనిముట్లున్న లావుపాటి చాకు కొని జేబు చిరిగిపోయి ఇంట్లో పెట్టేసినవారిని నేనెరుగుదును. జేబులో బరువనిపించే జేబు చాకు నాకు వద్దు.

లాకు లేని మడత చాకుతో గుచ్చే పని, తొలిచే పని చెయ్యకండి. మొన పొడిస్తే అలుగు మన వేళ్ళ మీదికే మూసుకుంటుంది. కొయ్యడానికే వాడండి.

నాలుగోది, చూడగానే ఎదుటివారు భయపడే కత్తి. మీట నొక్కితే "ఠప్"మని తెరుచుకునే చాకులు ఒకప్పుడు సినిమాల్లో చూసేవాళ్ళం. రాంపురీ అనేవారు. అలాంటివి నేను తాకను. 1959 ఆయుధాల చట్టం కింద 1962లో చేసిన నియమాల్లో, 9 అంగుళాలకు మించిన పొడవు గానీ 2 అంగుళాలకు మించిన వెడల్పు గానీ అలుగు ఉన్న కత్తులను ఆయుధాల పట్టికలో చేర్చారు. ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవాటిని మినహాయించారు. 2016లో కొత్త నియమాలు వచ్చాయి. మన బొండాల కత్తి, కత్తిపీట ఇంటి పనిముట్లే. అయినా బొండాల కత్తిని సంచిలో వేసుకుని బస్సెక్కడం తెలివైన పని కాదు. కండక్టరుకు మన పెన్షన్ పుస్తకం చూపించి నమ్మించలేము.

ఇక్కడ నా జేబు చాకు కథ ఒకటి చెప్పాలి. మా నాన్నగారు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు. ఆయన దగ్గర షెఫీల్డు చాకు ఒకటుండేది. పిల్లలందరి పెన్సిళ్ళూ దానితోనే చెక్కి ఇచ్చేవారు. ఆయన పోయాక అది నా జేబులోకి వచ్చింది. ముప్పై ఏళ్ళు ఉంది. పురికొసలు కోసింది, పళ్ళు కోసింది, మా పిల్లల పెన్సిళ్ళు చెక్కింది. ఉన్నదన్న సంగతే మరిచిపోయేటంత అలవాటైంది. ఒకసారి మా అమ్మాయి దగ్గరకు వెళ్ళడానికి విమానాశ్రయానికి వెళ్ళాను. తనిఖీలో అది బయటపడింది. చాకు లోపలికి తీసుకెళ్ళకూడదు. అక్కడి ఉద్యోగి మర్యాదగానే, "పెద్దవారు, బయట మీవాళ్ళుంటే ఇచ్చి రండి" అన్నాడు. సాగనంపడానికి వచ్చినవారు అప్పటికే వెళ్ళిపోయారు. పెట్టె ముందే లోపలికి పంపించేశాం. చివరికి నా చేత్తోనే అక్కడున్న డబ్బాలో వేశాను. ఆ అబ్బాయి తప్పేమీ లేదు, తన డ్యూటీ తాను చేశాడు. సీలు పాడుచేశానని నన్ను మందలించిన ప్యాకరుగారు గుర్తుకొచ్చారు. అప్పటినుంచి నా నియమం ఏమిటంటే, పోతే ఏడ్చే చాకును జేబులో వేసుకోను. అలాంటిది ఇంట్లో పెట్టెలో ఉండాలి. జేబుకు తక్కువ ఖరీదుది చాలు. మీలో ఎవరి దగ్గరైనా తండ్రులనాటి చాకు ఉంటే, ప్రయాణానికి ముందు జేబులు ఒకసారి తడుముకోండి.

ఇక ఐదోది, అసలు చెప్పవలసింది. పిడి మీద చేతి పట్టు.

నాలుగేళ్ళ క్రితం సంగతి. మా ఇంట్లో వంటకత్తులు నలభై ఏళ్ళుగా నేనే కొంటున్నాను. తీర్థానికి వెళ్ళినా, అంబాజీపేట వెళ్ళినా, నాకు నచ్చినది, నా చేతికి సరిపోయినది తెచ్చి మా ఇంటావిడ చేతిలో పెట్టేవాణ్ణి. అయిదు కత్తుల గుర్తులు చెప్పే మనిషిని కాబట్టి ఆ విషయంలో నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. ఆసారి మెరిసిపోతున్న స్టీలు కత్తి తెచ్చాను. అలుగూ పిడీ ఒకే ముక్క. ఊడిపోయే ప్రసక్తే లేదు కదా అని మురిసిపోయాను. పిడి గుండ్రంగా, నున్నగా, అద్దంలా ఉంది. ఆవిడ పట్టుకుని చూసి, "ఏవండీ, ఇది నా చేతిలో తిరిగిపోతోందండీ" అంది. "కొత్త కదా, అలవాటవుతుంది" అన్నాను.

పనసకాయల రోజులు. కోనసీమలో పనసపొట్టు కూర లేకుండా శుభకార్యం గడవదు. ఇప్పుడు బజారులో కొట్టిన పొట్టే అమ్ముతున్నారు గానీ, మా ఇంట్లో కాయ తెచ్చి కొట్టుకోవడమే అలవాటు. పనసపాలు అంటుకోకుండా చేతికీ కత్తికీ నూనె రాసుకోవాలి కదా. ఆవిడ నూనె రాసుకుంది. నున్నటి పిడి, నూనె చెయ్యి, చిన్న అరచెయ్యి. పది నిమిషాలకు కత్తి చేతిలో తిరిగి, చెయ్యి ముందుకు జారి అలుగు మీదికి పోయింది. చూపుడువేలు, మధ్యవేలు తెగాయి.

ఆవిడకు చక్కెర వ్యాధి ఉంది. గుండెకు రక్తం పలచబడే మాత్ర వేసుకుంటుంది. రక్తం ఎంతకీ ఆగలేదు. నేను కంగారులో కాఫీపొడి డబ్బా తీశాను. మా కోడలు అది లాక్కుని, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి, చెయ్యి పైకెత్తించి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. కుట్లు పడ్డాయి. మామూలు మనిషికి పదిహేను రోజుల్లో మానేది, ఆవిడకు రెండున్నర నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి చీము పట్టి, వేలు ఉంటుందో లేదో అన్నారు. వేలు దక్కింది. కానీ ఇప్పటికీ అది పూర్తిగా మడవదు. జడ వేసుకోవడానికీ, జాకెట్టు హుక్కు పెట్టుకోవడానికీ కష్టపడుతుంది. ఆవిడ ఇంతవరకు నన్ను ఒక్క మాట అనలేదు. కత్తి చేతిలో తిరిగిపోతోందని అన్న మాట మాత్రం నాకు రోజూ వినబడుతూ ఉంటుంది.

అందుచేత పిడి విషయంలో నేనిప్పుడు చాలా పట్టుదలగా ఉంటాను. గుండ్రటి నున్నటి పిడి వద్దు. కోడిగుడ్డులాగా కొంచెం కోలగా ఉంటే చేతిలో తిరగదు. పిడికీ అలుగుకూ మధ్య వేలు ముందుకు జారకుండా ఆపే మెట్టు గానీ మడమ గానీ ఉండాలి. కొట్లో పొడిచేత్తో పట్టుకుని చూస్తే సరిపోదు. చెయ్యి తడిచేసుకుని పట్టుకోండి. కొట్టువాడు ఏమనుకుంటాడోనని మొహమాటపడకండి.

కత్తిపీటకు కూడా ఇదే వర్తిస్తుంది. పీట చెక్క తేలికగా ఉండి, కాయ మీద ఒత్తగానే పైకి లేస్తే అది వద్దు. మడతపెట్టే కత్తిపీటకు కీలు దగ్గర గొళ్ళెం గట్టిగా ఉండాలి. మోకాలు నొప్పులవల్ల చాలామంది కింద కూర్చోలేక బల్ల మీద పెట్టి నిలబడి కోస్తున్నారు. కత్తిపీటను తొక్కిపట్టేది కాలు. కాలు లేనిచోట కత్తిపీట వాడకూడదు. నిలబడి చేసే పనికి కత్తి, చెక్క కొనుక్కోండి. ఆవకాయ రోజుల్లో టెంకతో సహా ముక్కలు కొట్టే పెద్ద కత్తి దగ్గర మరీ జాగ్రత్త. పేరే మామిడికుదురు కాబట్టి మనం మామిడికాయ కొట్టడం మానలేము. బజారులో ముక్కలు కొట్టి ఇచ్చేవారున్నారు. నాలుగు రూపాయలు ఎక్కువైనా వారిచేత కొట్టించుకోండి. బొండాం కూడా అంతే. చేతిలో పెట్టుకుని గాలిలో కొట్టడం కుర్రవాళ్ళ పని. డెబ్బై దాటిన చెయ్యి తన బలం తగ్గిందని ముందుగా చెప్పదు.

ప్రమాదం జరిగితే చెయ్యవలసింది కూడా చెబుతాను, ఇది మా డాక్టరుగారు చెప్పినది. ధారగా పడే శుభ్రమైన నీటితో కడగాలి. శుభ్రమైన గుడ్డ పెట్టి పది నిమిషాలపాటు మధ్యలో తీసి చూడకుండా గట్టిగా అదిమి పట్టాలి. చెయ్యి పైకెత్తి ఉంచాలి. కాఫీపొడి, పసుపు, సున్నం ఏవీ పెట్టకూడదు. అప్పటికీ ఆగకపోతే, గాయం లోతుగా ఉంటే, చక్కెర వ్యాధి ఉన్నవారైతే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ధనుర్వాతం ఇంజెక్షను ఎప్పుడు చేయించుకున్నారో డాక్టరుకు చెప్పాలి. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్న సంగతి తప్పకుండా చెప్పాలి. ఆ మాత్రలను మాత్రం మనంతట మనం మానెయ్యకూడదు.

ఇక ముగిస్తాను. నేను చెప్పిన గుర్తులన్నీ మీరు మరిచిపోయినా ఫరవాలేదు. ఒక్కటి గుర్తుంచుకోండి. ఏ చెయ్యి ఆ కత్తిని వాడుతుందో, ఆ చెయ్యి కొట్లో దాన్ని పట్టుకుని చూడాలి. ఆ చెయ్యి వద్దంటే ఇంక బేరం లేదు. నలభై ఏళ్ళు నేను తెలుసుకోని పాఠం ఇది.

కిందటి సంక్రాంతికి కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళాం. ఆవిడ రానంది, నేనే బలవంతాన తీసుకెళ్ళాను. కత్తులు పరిచిన చోట నేను వెనక నిలబడ్డాను. నోరు మెదపకూడదని ముందే ఒట్టు పెట్టుకున్నాను. ఆవిడ ఏడెనిమిది కత్తులు పట్టుకుని చూసింది. మంచినీళ్ళ సీసాలోంచి నీళ్ళు వంపుకుని చెయ్యి తడుపుకుని మళ్ళీ చూసింది. అమ్మే అతను, "ఆయ్, ఏం చేస్తున్నారండీ అమ్మగారూ" అని నవ్వాడు. చివరికి నేనైతే చూడను కూడా చూడని చిన్న కర్రపిడి కత్తి ఒకటి తీసింది. పిడి వంకరగా ఉంది, అలుగు నల్లగా ఉంది. "ఇదండీ" అంది. ధర అడిగి, ఒక్క రూపాయి బేరం ఆడకుండా ఇచ్చేశాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో బేరం ఆడకుండా నేను కొన్న మొదటి వస్తువు అదేనని ఆవిడ దారిపొడుగునా నవ్వుతూనే ఉంది.

ఆ కత్తితోనే ఇప్పుడు మా ఇంట్లో కూర తరుగుతున్నాం. ఎక్కువగా నేనే తరుగుతున్నాను. ఆవిడ పక్కన కూర్చుని, ముక్కలు పెద్దవయ్యాయని చెబుతూ ఉంటుంది.

భోజనానికి ఇళ్ళకు వెళ్ళగానే మీ వంటింటి కత్తి పిడి ఒకసారి కదిపి చూడండని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.